పాపా, ఇక్కడ తెల్లారింది

రైల్వే కోడూరు,
ఆదివారం పొద్దున

పాపా,

మొన్న ఫోన్‌లో నువ్వు "నాన్నా, ఈ ఊళ్లో ఇరవై ఏడేళ్లు ఎట్లా ఉన్నావు?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోగా మీ ఆస్పత్రి వార్డు నుంచి పిలుపొచ్చింది, పెట్టేశావు. ఆ మాట నన్ను వదల్లేదు. వాట్సాప్‌లో చెబుదామని రెండుసార్లు మైకు గుర్తు నొక్కి పట్టుకున్నాను, మాట రాలేదు. 1998లో నేను కువైట్ వెళ్లిన కొత్తలో ఎవరైనా ఊరికి పోతున్నారంటే ముందురోజు రాత్రి రూములో అందరం కూర్చుని ఉత్తరాలు రాసి వాళ్ల చేతికిచ్చేవాళ్లం. ఇప్పుడు మన వీధి చివరింటి అబ్బాయి బుధవారం చెన్నైలో ఫ్లైట్ ఎక్కుతున్నాడు. ఇది అతని చేతికిస్తాను. డ్యూటీ లేని రోజు తీరిగ్గా చదువుకో.

ఇప్పుడు మన ఇంట్లో 6:30. మీ అమ్మ పాలు పొయ్యి మీద పెట్టి వాకిట్లో ముగ్గేస్తోంది. నీకు అక్కడ 4 గంటలు, మంచి నిద్రలో ఉంటావు. నేను మాత్రం నీ టైముకే లేచాను. నేను కారు నడిపిన ఇంటి పెద్దాయనను తెల్లవారుజామున ఫజర్ నమాజుకు మసీదుకు తీసుకెళ్లడానికి ఏళ్ల తరబడి ఆ వేళకు లేచిన ఒళ్లు ఇది. ఊరికొచ్చి అయిదు నెలలైనా ఇంకా కువైట్ లెక్కనే లేస్తోంది. చేతి వాచీ కూడా అక్కడి టైమే చూపిస్తోంది. అక్కడున్నప్పుడు కారులో ఒక చిన్న గడియారం పెట్టుకుని దానికి కోడూరు టైము పెట్టేవాడిని. నువ్వు బడికి బయల్దేరావా, అన్నం తిన్నావా, పడుకున్నావా అని దాన్ని చూసి లెక్కేసుకునేవాడిని. ఇప్పుడు నువ్వు అక్కడికి వెళ్లావు కాబట్టి వాచీలో ఆ టైము ఉండనీ అని మీ అమ్మతో చెప్పాను.

ఈ రెండున్నర గంటలు ఎక్కడినుంచి వచ్చాయో నీకు తెలుసా? మన దేశం టైముకు ఆధారం 82½ డిగ్రీల రేఖ. అది మన ఆంధ్రలో కాకినాడకు దగ్గరగానే పోతుంది. కువైట్ 45 డిగ్రీల రేఖ టైము వాడుతుంది, అంటే గ్రీన్‌విచ్ కంటే మూడు గంటలు ముందు. పదిహేను డిగ్రీలకు ఒక గంట చొప్పున మధ్యలో ఉన్న 37½ డిగ్రీలకు రెండున్నర గంటలు. సౌదీ, ఇరాక్, బహ్రెయిన్, ఖతార్ అన్నిటికీ అదే టైము. దుబాయ్, మస్కట్ ఇంకో గంట ముందు, అందుకే మీ మేనమామకు మనతో గంటన్నరే తేడా. కొన్ని దేశాల్లోలాగా ఎండాకాలం వచ్చిందని గడియారాన్ని ముందుకు జరిపే పద్ధతి కువైట్‌లో లేదు. ఏడాది పొడవునా ఒకే తేడా. కానీ వెలుగు మాత్రం మన దగ్గరలా ఉండదు. జూన్‌లో అయిదు కాకముందే తెల్లారిపోతుంది, డిసెంబర్‌లో అయిదుకల్లా పొద్దు గుంకుతుంది. నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకునేటప్పుడు కిటికీకి మందపాటి పరదా కట్టుకో. జూన్ దాకా ఆగొద్దు, ఇప్పుడే కొనుక్కో.

గంటల తేడా కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది సెలవు తేడా. అక్కడ సెలవు శుక్రవారం. నేను వెళ్లినప్పుడు ఆఫీసులకు గురువారం, శుక్రవారం సెలవుండేది, 2007 నుంచి శుక్రవారం, శనివారం అయింది. ఇంటి డ్రైవర్‌కు దొరికేది ఆ శుక్రవారం ఒక్కటే, అదీ దొరికితే. నీకు సెలవు ఆదివారం. అక్కడ ఆదివారమంటే వారం మొదలు, పొద్దున ఆరున్నరకు పిల్లల్ని బళ్లో దింపాలి, తర్వాత ఆఫీసులు, తర్వాత ఆస్పత్రులు. నువ్వు పుట్టినప్పటినుంచి డిగ్రీ అయ్యేదాకా నీ సెలవూ నా సెలవూ ఒక్క వారం కూడా కలవలేదమ్మా. శుక్రవారం నువ్వు బడి నుంచి నాలుగున్నరకు వస్తావు, అక్కడ రెండు గంటలు. ఆ వేళకు నేను అన్నం కూడా తినకుండా ఫోన్ బూత్ దగ్గర వరసలో నిలబడేవాడిని. కార్డులో నిమిషాలు అయిపోతుంటే నువ్వేమో కుక్కపిల్ల గురించి చెప్పేదానివి. నేను వింటూ ఉండేవాడిని. అమ్మ పక్కనుంచి "అసలు సంగతి అడగవే" అని నిన్ను కేకలేసేది. నాకు అదే అసలు సంగతి.

తిరుమలలో తెల్లవారుజామున మూడింటికి సుప్రభాతం మొదలయ్యేసరికి కువైట్‌లో అర్ధరాత్రి పన్నెండున్నర. ఆ టైముకు నేను చాలా రాత్రులు ఏదో ఒక దివానియా, అంటే మగవాళ్లు చేరి మాట్లాడుకునే గది, బయట కారులో ఉండేవాడిని. చలికాలం రాత్రి, అద్దాలు మంచుతో మసకబారి ఉంటాయి, లోపల మగవాళ్ల మాటలు, నవ్వులు. నేను ఫోన్‌లో చిన్నగా సుప్రభాతం పెట్టుకునేవాడిని. మన కొండ ఇక్కడికి ఇంత దగ్గర, నేనేమో అంత దూరాన. అక్కడ మనకు గుడి లేదు. బీరువాలో బట్టల వెనక పటం పెట్టుకున్నాను, దండం పెట్టుకుంటానంటే ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కాదనలేదు.

టైము గురించి పెద్దాయన చెప్పిన మాట ఒకటుంది. ఆయన చిన్నప్పుడు కువైట్‌లో పొద్దు గుంకగానే గడియారాన్ని పన్నెండుకు తిప్పుకునేవాళ్లట. అక్కడినుంచి ఒకటి, రెండు అని లెక్క. రోజు మొదలయ్యేది అప్పుడే. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలైనట్టు వాళ్లకు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అందుకే గురువారం సాయంత్రాన్ని వాళ్లు శుక్రవారం రాత్రి అంటారు. ఎవరైనా పేషెంటు ఇంటివాళ్లు "జుమా రాత్రి వస్తాం" అంటే శుక్రవారం కాదు, గురువారమేమో అని ఒకసారి అడిగి ఖాయం చేసుకో. నేను అది తెలియక కొత్తలో ఒక పెళ్లికి కారు తీసుకుపోవాల్సిన రోజు తప్పాను. ఆ రాత్రి పెద్దాయన నన్ను ఒక్క మాటా అనలేదు. మర్నాడు కూర్చోబెట్టి ఇదంతా వివరంగా చెప్పాడు.

రంజాన్ దగ్గర పడింది కదా. నెలవంక కనిపించిన రాత్రి నుంచే నెల మొదలవుతుంది, మర్నాడు పొద్దున నుంచి ఉపవాసం. పగటి పూట బయట అందరి ఎదుట ఏమీ తినకూడదు, నీళ్లు కూడా తాగకూడదు. అక్కడ అది చట్టం, వంద దీనార్ల దాకా జరిమానా ఉంది, జైలు కూడా ఉంది. నువ్వు ఉపవాసం ఉండక్కర్లేదు, స్టాఫ్ రూములో తలుపేసుకుని తిను. ఆ నెలలో రాత్రే పగలు. సాయంత్రం నైఫ్ ప్యాలెస్‌లో ఫిరంగి పేలుతుంది, టీవీలో చూపిస్తారు, ఆ చప్పుడు వినగానే ఖర్జూరం నోట్లో వేసుకుంటారు. నెల మధ్యలో మూడు రాత్రులు గిర్గియాన్ అని పిల్లలు రంగురంగుల బట్టలేసుకుని సంచులు మెడలో తగిలించుకుని ఇంటింటికీ తిరిగి పాటలు పాడతారు, మిఠాయిలు, పప్పులు పోయించుకుంటారు. చూడు, కళ్లు నిండుతాయి. మా ఇంటి పిల్లలకు ఆ సంచులు నేనే కొనుక్కొచ్చేవాడిని, నీకూ ఒకటి కొని ఊరికి తెచ్చాను. నీకు అప్పుడు ఆరేళ్లు, దాన్ని బడికి వేసుకెళ్లావు.

ఇక ఆ దేశం గురించి. నువ్వు చూసేది రింగు రోడ్లు, అద్దాల మేడలు, సముద్రం ఒడ్డున కువైట్ టవర్లు. మన పాత కడప జిల్లా కంటే కొంచెం పెద్దది, పాత అనంతపురం జిల్లా కంటే చిన్నది. ఒక్క నది లేదు. అక్కడ తాగే నీళ్లు దాదాపు అన్నీ సముద్రపు నీటిలో ఉప్పు తీసినవే. పెద్దాయన చిన్నతనంలో అదీ లేదు. షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో నీళ్లు నింపుకుని తెచ్చి తోలుసంచుల్లో ఇంటింటికీ అమ్మేవాళ్లట. మట్టి ఇళ్లు, ఊరి చుట్టూ మట్టి గోడ. ముత్యాలు, పడవలు, ఖర్జూరం, ఇవే బతుకుదెరువు.

ఆయన తండ్రి ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. అట్లాంటివాళ్లను గవ్వాస్ అంటారు. కాలికి రాయి కట్టుకుని, ముక్కుకు పట్టు పెట్టుకుని అడుక్కి దిగుతాడు. పైన పడవలో తాడు పట్టుకుని ఇంకొకడు ఉంటాడు, వాడిని సైబ్ అంటారు. ఊపిరి బిగబట్టలేనప్పుడు కిందవాడు తాడు లాగుతాడు, పైవాడు గబగబా లాగేస్తాడు. ఎండాకాలం నాలుగు నెలలు ఇదే పని. సీజన్ మొదట్లో నఖోదా, అంటే పడవ నాయకుడు, ఇంటి ఖర్చులకు ముందుగా డబ్బిస్తాడు. ముత్యాలు సరిగా దొరక్కపోతే ఆ బాకీ మరుసటి ఏటికి, ఆపై ఏటికి పెరుగుతూ పోతుంది. తండ్రి చనిపోతే ఆ బాకీ కొడుకు మెడకు చుట్టుకుంటుంది, వాడూ ఆ పడవే ఎక్కాలి. ఇది చెబుతున్నప్పుడు పెద్దాయన తన రెండు చేతులూ చాచి, తాడు ఒరుసుకుని తండ్రి అరచేతుల్లో పడ్డ గాట్లు ఎక్కడెక్కడ ఉండేవో వేలితో గీసి చూపించాడు. ఆ సంగతి నాకు అట్లాగే నిలిచిపోయింది. ఎందుకంటే నేను వీసా కోసం మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి వెళ్లినవాడిని. ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, అక్కడ ఇచ్చింది ఇంకొకటి. ఆ అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. నా బాకీ నా పిల్లల మీదకు రాకూడదని ఆ రాత్రి గట్టిగా అనుకున్నాను. నేను గవ్వాస్ అయితే మీ అమ్మ సైబ్, పాపా. ఆమె పైన తాడు గట్టిగా పట్టుకుంది కాబట్టే నేను అన్నేళ్లు అక్కడ ఉండగలిగాను.

1920ల్లో జపాన్ వాళ్లు పెంచిన ముత్యాలు సంతలోకి వచ్చాయి, 1930 నాటికి లోకమంతా బేరాలు పడిపోయాయి, కువైట్ ముత్యాల పని కూలిపోయింది. సరిగ్గా ఆ కష్టంలోనే 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. యుద్ధం అడ్డొచ్చి మొదటి ఓడ కదిలేసరికి 1946. అప్పటికి పెద్దాయనకు పదేళ్లు. ఇప్పుడు ప్రభుత్వానికి వచ్చే ప్రతి పది దీనార్లలో తొమ్మిది దాకా ఆ చమురువే. జీతాలు, ఆస్పత్రులు, వాళ్ల పిల్లల చదువులు, అన్నీ దాంట్లోనుంచే. అందుకని చమురు ధర పడిపోయిన ఏడు దివానియాలో మాటలు చిన్నబోతాయి, మన డ్రైవర్ల జీతం పెంచమని అడగడానికీ ఆ ఏడు నోరు రాదు. 2020లో అది కళ్లారా చూశాను.

కానీ వాళ్లు చేసిన ఒక పని నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. స్వాతంత్ర్యం రాకముందే, 1953లోనే, చమురు డబ్బును దాచి పెట్టుబడి పెట్టడానికి లండన్‌లో ఒక బోర్డు పెట్టుకున్నారు. 1976లో రాబోయే తరాల వాళ్ల కోసం అని వేరే నిధి పెట్టి, ఏటా వచ్చే ఆదాయంలో పదో వంతు అందులో వేయాలని చట్టం చేశారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చి దేశాన్ని ఆక్రమించుకున్నప్పుడు దేశం దాటిపోయిన వాళ్లకు అన్నం పెట్టింది ఆ దాచిన డబ్బే. నేను మాత్రం సంపాదించిందంతా వచ్చింది వచ్చినట్టు పంపేశాను. ఇల్లు కట్టాం, మీ అత్తల పెళ్లిళ్లు చేశాం, మీ జేజి ఆపరేషన్, నీ చదువు. ఒక్క రూపాయి వృథా కాలేదు, దానికి నాకు బాధ లేదు. కానీ యాభై రెండేళ్లకు ఇంటికొచ్చినప్పుడు నా పేరు మీద బ్యాంకులో ఉన్నది చూసి మీ అమ్మ ఆ రాత్రి చాలాసేపు మాట్లాడలేదు. నువ్వు అట్లా చేయొద్దు. పదో వంతు నీ పేరున పక్కన పెట్టాకే మిగతాది పంపు. నేను అడిగినా, అమ్మ అడిగినా ఆ పదో వంతు ముట్టుకోవద్దు. ఇది నాన్న మాటగా గుర్తుపెట్టుకో.

దీనారు గురించి కూడా చెప్పాలి. 1961 దాకా కువైట్ బజార్లో చెల్లింది మన రూపాయే! బంగారం దొంగ రవాణా ఎక్కువై మన డబ్బు బయటికి పోతోందని 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం విడిగా రూపాయి నోట్లు అచ్చేసింది. రెండేళ్లకు కువైట్ తన దీనారు తెచ్చుకుంది. అప్పుడు పదమూడు రూపాయల చిల్లరకు ఒక దీనారు. నేను వెళ్లినప్పుడు 135 చుట్టూ ఉండేది. ఇప్పుడు 270 దాటింది. మనవాళ్లు రేటు పెరిగినప్పుడల్లా సంబరపడి ఎక్స్చేంజీల ముందు వరస కడతారు. నేనూ నిలబడ్డాను. కానీ మన రూపాయి పడిపోవడం చూసి సంతోషపడుతున్నానే అని లోపల ఎక్కడో కలుక్కుమనేది. దీనారుకు వంద కాదు, వెయ్యి ఫిల్సులు. కొత్తలో చిల్లర దగ్గర పొరపాటు పడతావు, జాగ్రత్త.

పెద్దాయన బాంబే చూసినవాడు. వాళ్ల మామ బూమ్ అనే పెద్ద పడవ మీద బస్రా ఖర్జూరం తీసుకుని బాంబే, మలబారు తీరం వెళ్లి బియ్యం, మసాలాలు, పడవలు కట్టడానికి టేకు తెచ్చేవాడట. అట్లాంటి పడవ ఒకటి సాల్మియాలో సైంటిఫిక్ సెంటర్ దగ్గర ఉంచారు, ఫతహ్ అల్ ఖైర్ దాని పేరు. ఒక సాయంత్రం వెళ్లి చూడు. దాని చెక్క మన వైపు అడవిదే. అందుకే వాళ్ల మాటల్లో మన మాటలు దొరుకుతాయి. ఫ్యాన్‌ను బంకా అంటారు, మన పంకానే. తిన్నగా పొమ్మంటే సీదా. ఊరగాయ ఆచార్. అన్నాన్ని ఐష్ అంటారు, అంటే బతుకు అని అర్థం. అన్నాన్ని బతుకు అని పిలిచేవాళ్ల ఇంట్లో ఉండటం నాకు ఎప్పుడూ పరాయిగా అనిపించలేదు.

నీకు భాష భయం అన్నావు కదా. నెమ్మదిగా వస్తుంది. ఆడవాళ్లను శ్లోనిచ్ అని పలకరించు, మగవాళ్లను శ్లోనక్ అను, ఎట్లా ఉన్నారని. నొప్పి అంటే వజా. నీళ్లు మాయ్. బాగుంది అంటే జేన్. పెద్దామె ఎవరైనా మంచం మీద ఉంటే యుమ్మా అని పిలువు, అమ్మా అనే అర్థం. ఆమె కూడా నిన్ను యుమ్మా అనే పిలుస్తుంది, అదేంటి నన్ను అమ్మా అంటోంది అనుకోవద్దు. అక్కడ తల్లి బిడ్డను అట్లాగే పిలుస్తుంది. నేను నిన్ను అమ్మా అని పిలవనూ? అంతే అది. ఈ ఒక్క పిలుపు వినగానే నాకు ఆ దేశం మీద సగం భయం పోయింది.

ఎవరైనా గహ్వా, అంటే కాఫీ, పోస్తే కుడిచేత్తో తీసుకో. చిన్న పింగాణీ కప్పులో అడుగున కొంచెమే పోస్తారు, తాగగానే మళ్లీ పోస్తారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ కొంచెం ఊపి ఇచ్చేయాలి. నోటితో చెప్పక్కర్లేదు. పెద్దాయన నన్ను మొదటిసారి దివానియా లోపలికి పిలిచి గోడవారన దిండ్ల మీద తన పక్కన కూర్చోబెట్టుకున్న రోజు ఇది నేర్పాడు. అంతకు ముందు ఏడేళ్లు నేను బయట కారులోనే ఉన్నాను.

అందరి ఇళ్లూ అట్లా ఉండవు, అది కూడా నీకు తెలియాలి. నేను దిగిన మొదటి ఇంట్లో నాలుగు నెలల జీతం ఇవ్వలేదు. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉండేది. నాది ఇరవై నంబర్ ఖాదిం వీసా, అంటే ఇంటి పనివాళ్లది, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, రిలీజ్ ఇస్తేనే ఇంకో ఇంట్లో పని, ఇవ్వకపోతే లేదు. బయటికి వెళ్లిపోతే పారిపోయాడని కేసు. ఎనిమిదో నెలలో మన రాజంపేట మనిషి ఒకాయన మధ్యలో ఉండి మాట్లాడితే రిలీజ్ వచ్చింది, కైఫాన్‌లో పెద్దాయన ఇంట్లో పడ్డాను. ఇళ్లల్లో పనిచేసే వాళ్ల కోసం చట్టం వచ్చింది 2015లో. వారానికి ఒక రోజు సెలవు, పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదు అని అందులో రాశారు. మరుసటి ఏడు కనీస జీతం 60 దీనార్లు అన్నారు. మన గోదావరి జిల్లాల నుంచి, మన కడప వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లు ఎంతమంది ఈ చట్టం రాకముందే ఒళ్లు హూనం చేసుకుని పిల్లల్ని పెంచారో! నీకు వాళ్లు ఆస్పత్రిలో ఎదురవుతారు. కొందరు మామాతో, అంటే ఇంటి యజమానురాలితో, వస్తారు, నోరు తెరవరు. తెలుగులో ఒక్క మాట పలకరించు. "ఏ ఊరమ్మా" అని అడుగు చాలు.

నీది పదిహేడు నంబర్ వీసా. ప్రభుత్వ ఉద్యోగం. నీ బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, చేతిలో పెట్టుకుని ఫోటో పంపావు చూడు, దాన్ని నేను పెద్దది చేసి ఆ అంకెనే చూశాను. ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. పాస్‌పోర్టు, అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఆ కాగితాలు నీ దగ్గరే ఉంచుకో, ఎవరడిగినా కాపీ ఇవ్వు.

ఆడపిల్లవి కాబట్టి ఇది కూడా చెప్పాలి. 2005లో అక్కడ ఆడవాళ్లకు ఓటు వచ్చింది. 2006 జూన్ చివర్లో, మండే ఎండలో, మా ఇంటి పెద్దామెను, ఆమె కూతుర్ని, మనవరాలిని ముగ్గుర్నీ కారులో ఎక్కించుకుని కైఫాన్ బడికి ఓటుకు తీసుకెళ్లాను. పెద్దామె నల్ల అబాయా అంచు సర్దుకుంటూ దారంతా ఏమీ మాట్లాడలేదు. బయటికొచ్చి కారెక్కి కూర్చున్నాక మనవరాలి చెయ్యి పట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు. మూడేళ్లకు నలుగురు ఆడవాళ్లు పార్లమెంటుకు గెలిచారు. ఆమెకు బడికి పోయే భాగ్యం కలగలేదు, మనవరాలు ఇప్పుడు డాక్టరు. నీకు పైఅధికారిగా అట్లాంటి అమ్మాయి ఎవరైనా ఉండొచ్చు.

కైఫాన్‌లో ఉన్న జమియా కూడా చూడు, 1962లో పెట్టిన మొదటి సహకార దుకాణం అదే. ప్రతి పేటకూ ఒకటి ఉంటుంది. ఆ పేటవాళ్లే వాటాదారులు, ఏడాది చివర లాభం వాళ్లకే పంచుతారు. సరుకులు అక్కడే కొను. సందువా చేపను జుబైదీ అంటారు, బాగుంటుంది కానీ ధర మండిపోతుంది.

ఈ ఫిబ్రవరి 25, 26 తేదీల్లో రోడ్ల నిండా జెండాలు కడతారు. ఒకటి జాతీయ దినం, రెండోది ఇరాక్ చేతినుంచి విడుదలైన రోజు. నేనున్నప్పుడు పిల్లలు నీళ్ల తుపాకులతో ఆడేవాళ్లు. కానీ పెద్దవాళ్లు కొందరు ఆ రోజు ఇంట్లోనే ఉంటారు. వాళ్లవైపు ఎవరో ఒకరు తిరిగి రాలేదు. ఆరువందలకు పైగా చమురు బావులు తగలబడుతుంటే మధ్యాహ్నం పూట దీపాలు పెట్టుకున్నామని పెద్దాయన చెప్పేవాడు. మనవాళ్లు లక్ష మందికి పైగా ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి అక్కడినుంచి ఎయిరిండియా విమానాల్లో ఇంటికొచ్చారు. ఆ పనికి 59 రోజులు పట్టింది. అట్లా కట్టుబట్టలతో వచ్చినవాళ్లే రెండు మూడేళ్లకు మళ్లీ వెళ్లారు. అక్కడ ముగ్గురిలో ఇద్దరు బయటి దేశాల వాళ్లే పాపా, అందులో మనవాళ్లే అందరికంటే ఎక్కువ.

ఎండల గురించి ఇప్పుడే భయపెట్టను. తూజ్, అంటే దుమ్ము తుఫాను, వచ్చినప్పుడు మాత్రం, ఆకాశం ఇటుక రంగుకు మారిందంటే, కిటికీ సందుల్లో తడిగుడ్డ పెట్టి బయటికి వెళ్లకుండా ఉండు. చిన్నప్పుడు నీకు ఆయాసం ఉండేది, అది నేను మర్చిపోలేదు.

గోడ గడియారం గంట కొట్టింది, ఏడున్నర. అమ్మ టిఫిన్‌కు పిలుస్తోంది. సంచిలో చింతకాయ తొక్కు ఉంది, మూత మీద గుడ్డ కట్టి దారంతో బిగించాను, తలకిందులు చేయొద్దు. చెనిక్కాయల పొడి, అరిసెలు కూడా ఉన్నాయి. అరిసెలు మీ రూములో కేరళ అమ్మాయికీ ఇవ్వు. ఆ అబ్బాయి శుక్రవారం సాయంత్రం మాలియాకు వస్తాడు, మన రాయలసీమ వాళ్లంతా కలిసే చోటే, అక్కడికెళ్లి తీసుకో, ఒక్కదానివే వెళ్లకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లు. అందిన తర్వాత ఫోన్ చెయ్యి. డ్యూటీ ఎన్నింటికి అయిపోయినా చెయ్యి. అక్కడ రాత్రి పదకొండు అయితే ఇక్కడ ఒకటిన్నర, అంతే కదా. ఫోన్ దిండు పక్కనే పెట్టుకుంటాను.

నాన్న